వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌లో రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్ లోపం: ఈఎస్ఎక్స్ఐ ఉదంతం - అవగాహన, నివారణ

వ్యాససంగ్రహం:

ఒకే భౌతికయంత్రంపై అనేక కంప్యూటర్లను నడిపే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ నేడు విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాల సమాచారవ్యవస్థలకు పునాదిగా ఉంది. ఆ పునాదిలో తలెత్తే లోపం పైనున్న యంత్రాలన్నింటినీ ఒకేసారి ప్రమాదంలో పడవేస్తుంది. వీఎంవేర్ సంస్థ రూపొందించిన ఈఎస్ఎక్స్ఐలో 2021 ఫిబ్రవరిలో వెల్లడైన సీవీఈ-2021-21974 అనే లోపం స్వరూపాన్ని, 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐ సర్వర్లపై జరిగిన దాడి పరిణామాలను, నివారణమార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. లోపాన్ని సరిదిద్దే సవరణ వెలువడిన తరువాత కూడా దాదాపు రెండేళ్లపాటు వేలాది సర్వర్లు రక్షణ లేకుండా మిగిలిపోవడానికి సాంకేతికకారణాల కన్నా సంస్థాగతకారణాలే ప్రధానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వర్చువలైజేషన్, హైపర్‌వైజర్, ఈఎస్ఎక్స్ఐ, రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్, ఓపెన్ఎస్ఎల్‌పీ, రాన్సమ్‌వేర్, సమాచారభద్రత.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పరిశోధన నేడు కాగితంపై కన్నా కంప్యూటర్లపైనే ఎక్కువగా సాగుతోంది. తాళపత్రాల ప్రతిబింబాలు, క్షేత్రపర్యటనలో సేకరించిన మౌఖికసాహిత్యం ధ్వనిముద్రణలు, నిఘంటువుల దత్తాంశాలు, సిద్ధాంతగ్రంథాల రాతప్రతులు ఏదో ఒక సర్వర్‌లో భద్రమై ఉంటున్నాయి. విశ్వవిద్యాలయాలు సమర్పించే సిద్ధాంతగ్రంథాలను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధగంగలో చూడగలుగుతున్నాం. అయితే ఆ 'సర్వర్' అనే మాట వెనుక ఉన్నది ఎప్పుడూ ఒక ప్రత్యేకమైన యంత్రం కాదు. చాలా సందర్భాలలో అది ఒక పెద్ద యంత్రంలో సాఫ్ట్‌వేర్ సృష్టించిన అనేక కంప్యూటర్లలో ఒకటి. పరిశోధకుడికి ఈ విషయం తెలియవలసిన అవసరం మామూలు రోజులలో కలగదు. ఆ పెద్ద యంత్రానికి ప్రమాదం వాటిల్లిన రోజున మాత్రం, తన పదేళ్ల సేకరణ ఎక్కడ ఉందో, దానికి మరొక ప్రతి ఉందో లేదో తెలియకపోవడం ఎంత నష్టమో అర్థమవుతుంది.

సమాచారభద్రతను గురించి తెలుగులో వెలువడే రచనలు ఎక్కువగా వ్యక్తిగతజాగ్రత్తలకే పరిమితమవుతున్నాయి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దనీ, తెలియని లింకులు తెరవవద్దనీ అవి హెచ్చరిస్తాయి. అవి అవసరమే. కానీ ఇక్కడ పరిశీలిస్తున్న లోపానికి వాడుకరి పొరపాటుతో పని లేదు. ఎవరూ ఏ లింకునూ తెరవకపోయినా, ఏ పాస్‌వర్డూ బయటపడకపోయినా దాడి జరగవచ్చు. కాబట్టి ఈ రకమైన లోపాన్ని విడిగా అర్థం చేసుకోవాలి.

2. వర్చువలైజేషన్ - మౌలికభావనలు:

ఒక భౌతికయంత్రపు ప్రాసెసర్‌ను, జ్ఞాపకశక్తిని, నిల్వస్థలాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా పంచి, ఆ వాటాలలో ఒక్కొక్కటి స్వతంత్రమైన కంప్యూటర్‌లా పనిచేసేటట్లు చేయడమే వర్చువలైజేషన్. ఇలా ఏర్పడిన కంప్యూటర్‌ను వర్చువల్ మెషీన్ అంటారు. వీటిని సృష్టించి, నడిపి, ఒకదాని పని మరొకదానికి అడ్డురాకుండా చూసే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. హైపర్‌వైజర్ నడిచే భౌతికయంత్రం హోస్ట్, అంటే ఆతిథేయి. దానిపై నడిచే వర్చువల్ మెషీన్ గెస్ట్, అంటే అతిథి.

ఈ భావన కొత్తది కాదు. 1960లలోనే ఐబీఎం సంస్థ పరిశోధకులు తమ మెయిన్‌ఫ్రేమ్ యంత్రాలపై దీనిని ఆచరణలోకి తెచ్చారు. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ప్రచురించిన పరిశోధనపత్రం ఇటువంటి వ్యవస్థకు ఉండవలసిన లక్షణాలను సిద్ధాంతీకరించింది. వాటిలో ఒకటి, యంత్రపు వనరులన్నింటిపై పూర్తి నియంత్రణ నియంత్రకప్రోగ్రామ్‌కే ఉండాలన్నది. 1998లో అమెరికాలో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ ఈ సాంకేతికతను సామాన్య సర్వర్ యంత్రాలకు విస్తరింపజేసింది. 2023 నవంబరులో ఈ సంస్థను బ్రాడ్‌కామ్ సంస్థ కొనుగోలు చేసింది. ఈ సంస్థ హైపర్‌వైజర్ పేరే ఈఎస్ఎక్స్ఐ.

పోపెక్, గోల్డ్‌బర్గ్ చెప్పిన 'పూర్తి నియంత్రణ' అనే లక్షణమే భద్రతాదృష్టితో చూసినప్పుడు ప్రమాదహేతువు కూడా అవుతుంది. ఒక గెస్ట్‌లోకి చొరబడినవాడికి ఆ ఒక్క కంప్యూటర్ దక్కుతుంది. హైపర్‌వైజర్‌ను వశపరచుకొన్నవాడికి దానిపై ఉన్న కంప్యూటర్లన్నీ దక్కుతాయి. పరీక్షల విభాగం, గ్రంథాలయం, వేతనాల విభాగం వేర్వేరు గెస్ట్‌లలో ఉన్నా హోస్ట్ ఒక్కటే అయితే వాటి భవితవ్యం కూడా ఒక్కటే.

హైపర్‌వైజర్‌పై దాడి రెండు దిశలలో రావచ్చు. గెస్ట్ లోపలి నుంచి హద్దు దాటి హోస్ట్‌లోకి ప్రవేశించడం మొదటిది. 2015లో వెనమ్ అనే పేరుతో వెల్లడైన లోపం ఇందుకు ప్రసిద్ధోదాహరణ. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాపీ డిస్క్ పరికరాన్ని అనుకరించే భాగంలో 2004 నుంచి ఆ లోపం దాగి ఉంది. ఫ్లాపీలను అందరూ మరచిపోయిన తరువాత కూడా ఆ భాగం సాఫ్ట్‌వేర్‌లో మిగిలిపోవడం గమనార్హం. రెండవది నెట్‌వర్క్ వైపు నుంచి నేరుగా హోస్ట్‌కే సందేశం పంపి దానిపై తమ కోడ్‌ను నడిపించడం. దీనినే రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్ అంటారు. మనం పరిశీలిస్తున్న లోపం ఈ రెండవ కోవకు చెందినది.

3. లోపం స్వరూపం:

3.1 ఎస్ఎల్‌పీ సేవ:

ఒక కార్యాలయపు నెట్‌వర్క్‌లో ఏ ప్రింటర్ ఎక్కడ ఉంది, ఏ సర్వర్ ఏ సేవను అందిస్తోంది అనే వివరాలను యంత్రాలు తమంత తాము తెలుసుకోవడానికి 1990లలో సర్వీస్ లొకేషన్ ప్రోటోకాల్ అనే సంభాషణావిధానాన్ని రూపొందించారు. దాని రెండవ సంస్కరణ 1999లో వెలువడింది. ఒకే సంస్థ పాలనలో ఉన్న అంతర్గతనెట్‌వర్క్ కోసం దీనిని ఉద్దేశించారు. బహిరంగ ఇంటర్నెట్ దీని రూపకర్తల దృష్టిలో లేదు. ఈ విధానాన్ని అమలుపరచే స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎల్‌పీ. హోస్ట్ యంత్రపు భౌతికస్థితిని పర్యవేక్షించే ఉపకరణాలు తనను గుర్తించడానికి వీలుగా ఈఎస్ఎక్స్ఐ ఈ సేవను తనలో ఇముడ్చుకొన్నది. ఈ సేవ 427వ సంఖ్య గల పోర్టు వద్ద సందేశాల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. సందేశం పంపేవారు ఎవరో నిర్ధారించుకొనే ఏర్పాటు వాడుకలో లేదు.

ఈఎస్ఎక్స్ఐలోని ఈ సేవలో తీవ్రమైన లోపం బయటపడడం 2021లోనే మొదలు కాదు. 2019 డిసెంబరులో సీవీఈ-2019-5544, 2020 అక్టోబరులో సీవీఈ-2020-3992 వెల్లడయ్యాయి. రెండవదానికి మొదట విడుదల చేసిన సవరణ అసంపూర్ణమని తేలడంతో, నవంబరులో మరొక సవరణను ఇవ్వవలసివచ్చింది. మూడవది 2021 ఫిబ్రవరి 23న ప్రకటితమైన సీవీఈ-2021-21974. దీనిని ట్రెండ్ మైక్రో సంస్థకు చెందిన జీరో డే ఇనిషియేటివ్ పరిశోధకుడు లూకాస్ లియాంగ్ కనుగొన్నారు. పదిహేను నెలలలోపు ఒకే చిన్న సేవలో మూడు లోపాలు బయటపడ్డాయంటే సమస్య ఒక వాక్యదోషం కాదనీ, ఆ సేవ ఉనికినే ప్రశ్నించవలసి ఉందనీ గ్రహించవచ్చు.

3.2 కొలత తప్పిన నకలు:

ఈ లోపాన్ని సాంకేతికపరిభాషలో హీప్ ఓవర్‌ఫ్లో అంటారు. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు అవసరాన్ని బట్టి జ్ఞాపకశక్తిలో స్థలాన్ని కేటాయించుకొనే ప్రాంతమే హీప్. కేటాయించుకొన్న స్థలం కన్నా ఎక్కువ రాస్తే పక్కనున్న సమాచారం చెరిగిపోతుంది. అదే ఓవర్‌ఫ్లో.

ఛందస్సు తెలిసిన పాఠకులకు దీనిని సులభంగా వివరించవచ్చు. ఒక పాఠం ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి అక్షరసంఖ్య. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాల పాదానికి 21 అక్షరాలు. సంఖ్య తెలిస్తే పాదం ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. రెండవది ముగింపుగుర్తు. లేఖకుడు పాదాంతంలో గీసిన నిలువుగీతను చూసి ఆగుతాం. ఒక లేఖకుడు ఉత్పలమాల పాదమని విని 20 అక్షరాలకు సరిపడే చోటు వదిలాడనుకుందాం. నకలు చేసేటప్పుడు మాత్రం లెక్క చూడక, నిలువుగీత కనిపించేదాకా రాస్తూ పోయాడనుకుందాం. మూలప్రతిలో ఆ గీత లేకపోతే అతని రాత కేటాయించిన చోటు దాటి పక్క పద్యంపైకి వెళ్తుంది.

ఓపెన్ఎస్ఎల్‌పీలో జరిగినదీ ఇదే. సేవ చిరునామాను తెలిపే సందేశంలో ఆ చిరునామా పొడవు ముందే చెప్పబడి ఉంటుంది. దానిని విశ్లేషించే భాగం ఆ పొడవును బట్టి స్థలాన్ని కేటాయించింది. చిరునామాలోని విభజనచిహ్నాన్ని వెతికేటప్పుడు మాత్రం పొడవును పట్టించుకోక, సున్నా విలువ గల బైట్ వచ్చేదాకా ముందుకు సాగే పద్ధతిని వాడింది. చిరునామా చివర ఆ సున్నా ఉందని నిర్ధారించుకోలేదు. దాడికి పాల్పడేవాడు సందేశాన్ని తెలివిగా కూర్చితే వెతుకులాట చిరునామాను దాటి తరువాతి భాగంలోకి వెళ్తుంది. దానిని అనుసరించి నకలు కూడా కేటాయించిన స్థలాన్ని దాటుతుంది. పక్కన చెరిగిపోయేది ప్రోగ్రామ్ తన నడకకు వాడుకొనే సమాచారమైతే, దానిని తనకు కావలసిన విధంగా మార్చి, చివరకు తన కోడ్‌ను అక్కడ నడిపించగలుగుతాడు.

పద్యం ఉపమానానికి ఒక హద్దు ఉంది. లేఖకుడి పొరపాటు వల్ల ఒక ప్రతి చెడుతుంది. ఇక్కడ పొరపాటు చేసిన లేఖకుడినే శత్రువు తన మాట వినేటట్లు చేసుకొంటున్నాడు.

3.3 తీవ్రతాంకం - దాని అర్థం:

లోపాల తీవ్రతను 10కి కొలిచే సీవీఎస్ఎస్ పద్ధతిలో ఈ లోపానికి 8.8 అంకం లభించింది. అదే రోజున అదే ప్రకటనలో వెల్లడైన వీసెంటర్ లోపం సీవీఈ-2021-21972కు లభించినది 9.8. ఈ రెండింటికీ ఇంత తేడా రావడానికి ముఖ్యకారణం ప్రవేశమార్గం. 8.8 అంకం వెనుక, దాడికి పాల్పడేవాడు హోస్ట్ ఉన్న నెట్‌వర్క్ భాగంలోనే ఉండాలనే భావన ఉంది. పాస్‌వర్డ్ అక్కరలేదు, వాడుకరి సహకారం అక్కరలేదు, సంక్లిష్టత తక్కువ, నష్టం సంపూర్ణం. తగ్గింపు కేవలం సామీప్యనియమం వల్ల వచ్చినది.

427వ పోర్టును ఇంటర్నెట్‌కు తెరచి ఉంచిన సంస్థకు ఈ సామీప్యనియమం వర్తించదు. ప్రపంచంలో ఎక్కడున్నవాడైనా ఆ సంస్థకు ఇరుగుపొరుగువాడే. కాబట్టి ప్రకటనలో కనిపించే అంకాన్ని తమ వ్యవస్థ అమరికతో కలిపి చదువుకోవాలి. అంకం 9 కన్నా తక్కువ కనుక తరువాత చూద్దామని వాయిదా వేసిన చోట అసలు ప్రమాదం 9 కన్నా ఎక్కువే కావచ్చు.

4. 2023 ఫిబ్రవరి దాడి:

లోపాన్ని ఎలా వాడుకోవచ్చో చూపే నమూనాకోడ్ 2021లోనే బహిరంగమైంది. 2023 ఫిబ్రవరి 3న ఫ్రాన్సు ప్రభుత్వ సైబర్ భద్రతాసంస్థ సెర్ట్-ఎఫ్ఆర్ ఈఎస్ఎక్స్ఐ సర్వర్లపై సాగుతున్న రాన్సమ్‌వేర్ దాడిని గురించి హెచ్చరించింది. అది సీవీఈ-2021-21974ను వాడుకొంటున్నట్లు పేర్కొంది. ఎన్‌క్రిప్షన్‌కు గురైన ప్రతి ఫైలు పక్కన 'ఆర్గ్స్' అనే పొడిగింపుతో మరొక ఫైలు కనిపించడం వల్ల దీనికి ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే పేరు వచ్చింది. బాధితుల నుంచి దాదాపు 2 బిట్‌కాయిన్లు డిమాండ్ చేశారు. ప్రపంచవ్యాప్తంగా 3,800కు పైగా సర్వర్లు దీని బారిన పడ్డాయని అమెరికా సంస్థలు సీసా, ఎఫ్‌బీఐ ప్రకటించాయి. బాధితులలో అట్లాంటాలోని జార్జియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం, హంగరీ, స్లొవేకియా దేశాలలోని ఉన్నతవిద్యాసంస్థలు, ఫ్లోరిడా సుప్రీంకోర్టు నిర్వహణలోని సర్వర్లు ఉన్నట్లు రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించింది.

ప్రవేశమార్గం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంతవరకు తెలియని కొత్త లోపాన్ని వాడినట్లు ఆధారాలు లేవనీ, మద్దతు ముగిసిన లేదా చాలా పాతబడిన సంస్కరణలే దాడికి గురయ్యాయనీ వీఎంవేర్ సంస్థ తెలిపింది. అయితే ఎస్ఎల్‌పీ సేవను ఆపివేసిన తరువాత కూడా దాడికి గురయ్యామని కొందరు బాధితులు చెప్పారు. కాబట్టి ప్రతి సర్వర్‌లోకీ ఈ ఒక్క ద్వారం గుండానే ప్రవేశించారని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. పాతబడిన సంస్కరణలు, బహిరంగమైన నిర్వహణద్వారాలు దాడికి అనువైన పరిస్థితిని కల్పించాయని చెప్పడం సమంజసం.

దాడి పద్ధతి హైపర్‌వైజర్ ప్రాధాన్యాన్ని స్పష్టం చేస్తుంది. గెస్ట్ లోపలి ఫైళ్లను ఒక్కొక్కటిగా వెతకవలసిన అవసరం దుండగులకు రాలేదు. నడుస్తున్న గెస్ట్‌లను ఆపివేసి, వాటి డిస్కు వివరాలు, అమరికలు, స్నాప్‌షాట్లు, జ్ఞాపకశక్తి నకళ్లు ఉన్న ఫైళ్లను హోస్ట్ నుంచే ఎన్‌క్రిప్ట్ చేశారు. గెస్ట్ లోపల ఎంత మంచి యాంటీవైరస్ ఉన్నా దానికి చూసే అవకాశమే కలగలేదు.

మొదటి అలలో దుండగుల ప్రోగ్రామ్‌లో ఒక బలహీనత ఉంది. పెద్ద ఫైళ్లలో ఒక మెగాబైట్ ఎన్‌క్రిప్ట్ చేసి, ఫైలు పరిమాణాన్ని బట్టి చాలా భాగాన్ని దాటవేసి, మళ్లీ ఒక మెగాబైట్ ఎన్‌క్రిప్ట్ చేసేది. అందువల్ల గెస్ట్ డిస్కులోని అసలు సమాచారం చాలావరకు చెక్కుచెదరకుండా మిగిలింది. టర్కీకి చెందిన ఇద్దరు పరిశోధకులు దీని ఆధారంగా పునరుద్ధరణమార్గాన్ని చూపగా, సీసా ఫిబ్రవరి 7న ఒక పునరుద్ధరణస్క్రిప్టును విడుదల చేసింది. రోజు తిరగకముందే దుండగులు తమ ప్రోగ్రామ్‌ను మార్చి, పెద్ద ఫైళ్లలో సగభాగాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడం ప్రారంభించారు. ఆ మార్గం మూసుకుపోయింది. శత్రువు పొరపాటుపై ఆధారపడిన రక్షణ ఎంత తాత్కాలికమో ఈ సంఘటన చెబుతుంది.

5. 710 రోజుల వ్యవధి - కారణాలు:

సవరణ వెలువడిన 2021 ఫిబ్రవరి 23కూ, దాడి హెచ్చరిక వెలువడిన 2023 ఫిబ్రవరి 3కూ మధ్య 710 రోజుల వ్యవధి ఉంది. లోపం తెలుసు, సవరణ ఉచితం, తాత్కాలికోపాయం కూడా అందుబాటులో ఉంది. అయినా వేలాది సర్వర్లు అలాగే ఎందుకు మిగిలాయి? దీనిని నిర్వాహకుల నిర్లక్ష్యమని తేల్చివేయడం సులభం. కానీ సవరణ వేసే పనిలోని వాస్తవమైన ఇబ్బందులను పరిశీలిస్తే వేరే చిత్రం కనిపిస్తుంది.

మొదటిది, హోస్ట్‌ను నవీకరించడానికి సాధారణంగా దానిని తిరిగి ప్రారంభించాలి. రెండు మూడు హోస్ట్‌లు ఉన్న సంస్థ గెస్ట్‌లను ఒకదాని నుంచి మరొకదానికి నడుస్తుండగానే మార్చి ఈ పని చేయగలదు. ఒకే హోస్ట్ ఉన్న సంస్థలో సేవలన్నీ ఆగిపోవాలి. ప్రవేశాలు, పరీక్షలు, ఫలితాలు, ఉపకారవేతనాలు అంటూ సంవత్సరం పొడవునా ఏదో ఒక అత్యవసరం ఉండే విద్యాసంస్థలో సేవలను రెండు గంటలు ఆపడానికి అనుమతి దొరకడం తేలిక కాదు.

రెండవది, పాత యంత్రాలు. ఈఎస్ఎక్స్ఐ 7.0 కొన్ని పాత ప్రాసెసర్లకు మద్దతును ఉపసంహరించింది. అటువంటి యంత్రం ఉన్నవారు 6.5 లేదా 6.7 సంస్కరణల వద్దనే ఆగిపోవలసివచ్చింది. ఆ రెండింటికీ సాధారణమద్దతు 2022 అక్టోబరు 15న ముగిసింది. కొత్త యంత్రం కొనడం సాంకేతికనిపుణుడి చేతిలో లేని పని.

మూడవది, హైపర్‌వైజర్ కనిపించదు. వాడుకరులు గెస్ట్‌ను చూస్తారు. గెస్ట్ సక్రమంగా నడుస్తున్నంతకాలం కింద ఉన్నదానికి ఖర్చు ఎందుకని అడిగేవారే ఎక్కువ. నాలుగవది, ఒకసారి అమర్చి వెళ్లిన గుత్తేదారు తరువాత ఎవరు చూడాలో నిర్ణయం కాకపోవడం.

ఈ నాలుగింటిలో ఏదీ కోడ్‌కు సంబంధించినది కాదు. కోడ్‌లోని లోపం ఆయుష్షు 2021 ఫిబ్రవరిలో ముగిసింది. ఆ తరువాత జీవించినది సంస్థలలోని లోపం.

6. నివారణమార్గాలు:

6.1 పట్టిక తయారీ: సంస్థలో ఎన్ని హోస్ట్‌లు ఉన్నాయి, వాటిపై ఏ సంస్కరణ నడుస్తోంది, ఏ గెస్ట్‌లు ఏ విభాగానికి చెందినవి, బాధ్యులు ఎవరు అనే వివరాలతో ఒక పట్టిక ఉండాలి. తమ వద్ద ఏముందో తెలియని సంస్థకు ఏ హెచ్చరిక తమకు వర్తిస్తుందో తెలియదు.

6.2 సవరణ, సేవల ఉపసంహరణ: సవరణ వేయడం శాశ్వతపరిష్కారం. అది వెంటనే సాధ్యం కానిచోట ఎస్ఎల్‌పీ సేవను ఆపివేయడం తాత్కాలికోపాయం. ఇందులో మూడు పనులు ఉన్నాయి. నడుస్తున్న సేవను ఆపాలి. ఫైర్‌వాల్‌లో దానికి సంబంధించిన నియమాన్ని నిలిపివేయాలి. యంత్రం తిరిగి ప్రారంభమైనప్పుడు సేవ దానంతట అది మొదలుకాకుండా అమరిక మార్చాలి. మూడవదాన్ని మరచిపోతే తరువాత ఎప్పుడో విద్యుత్తు పోయి వచ్చినప్పుడు ద్వారం మళ్లీ తెరచుకొంటుంది. ఈ సేవ ఆధారంగా హోస్ట్‌ను గుర్తించే పర్యవేక్షణ ఉపకరణాలు పనిచేయకపోవచ్చు కనుక ముందుగా పరీక్షించుకోవాలి. ఈఎస్ఎక్స్ఐ 7.0 అప్‌డేట్ 2సీ, ఈఎస్ఎక్స్ఐ 8.0 సంస్కరణల నుంచి వీఎంవేర్ సంస్థే ఈ సేవను ఆపి ఉంచిన స్థితిలో అందిస్తోంది. అవసరం లేని సేవను తొలగించడం వల్ల తెలిసిన లోపంతోపాటు ఇంకా తెలియని లోపాల నుంచి కూడా రక్షణ కలుగుతుంది.

6.3 నెట్‌వర్క్ విభజన: హోస్ట్ నిర్వహణద్వారాలు ఇంటర్నెట్‌కు ఏ పరిస్థితిలోనూ కనిపించకూడదు. విద్యార్థులు, సిబ్బంది వాడే నెట్‌వర్క్ నుంచి కూడా వాటిని వేరుచేయాలి. దూరం నుంచి నిర్వహించవలసివస్తే వీపీఎన్, రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. ఇది వేరే ఉదంతమైనా, 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై జరిగిన దాడికి నెట్‌వర్క్ విభజన సరిగా లేకపోవడం కారణమని కేంద్రప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేయడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

6.4 నకళ్ల భద్రత: స్నాప్‌షాట్‌నే బ్యాకప్‌గా భావించడం విస్తృతంగా ఉన్న అపోహ. స్నాప్‌షాట్ అదే హోస్ట్‌కు అందుబాటులో ఉన్న నిల్వలోనే ఉంటుంది. ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ స్నాప్‌షాట్ ఫైళ్లను కూడా లక్ష్యంగా చేసుకొన్నది. మూడు ప్రతులు, రెండు వేర్వేరు మాధ్యమాలు, ఒకటి వేరే చోట అనే నియమాన్ని పాటిస్తూ, కనీసం ఒక ప్రతిని నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఉంచాలి. ఆ ప్రతి నుంచి సమాచారాన్ని తిరిగి తెచ్చుకోగలమో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి. పరీక్షించని బ్యాకప్ నమ్మకమే కానీ భద్రత కాదు.

6.5 లాగ్‌ల పరిరక్షణ: హోస్ట్‌లో జరిగిన ప్రతి చర్యనూ నమోదు చేసే లాగ్‌లు అదే హోస్ట్‌లో ఉంటే దుండగులు వాటిని తొలగించగలరు. ఈ దాడిలో అదే జరిగింది. లాగ్‌లను ఎప్పటికప్పుడు మరొక సర్వర్‌కు పంపే ఏర్పాటు ఉండాలి. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి.

6.6 దాడి జరిగిన తరువాత: మొదట హోస్ట్‌ను నెట్‌వర్క్ నుంచి వేరుచేయాలి. ఆధారాలను చెరపకుండా భద్రపరచాలి. సెర్ట్-ఇన్ ఆదేశాల మేరకు, సంఘటనను గుర్తించిన 6 గంటలలోపు ఆ సంస్థకు తెలియజేయాలి. తరువాత హైపర్‌వైజర్‌ను శుభ్రపరచడం కాక, కొత్తగా స్థాపించి, తాజా సవరణలు వేసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, భద్రమైన ప్రతి నుంచి గెస్ట్‌లను పునరుద్ధరించాలి. సవరణ ద్వారాన్ని మూస్తుంది తప్ప ముందే లోపలికి వచ్చినవాడిని బయటకు పంపదు.

7. అధ్యాపకుల, పరిశోధకుల పాత్ర:

పైన పేర్కొన్న పనులు చేయవలసినది సాంకేతికసిబ్బంది. వాటిని చేయనిచ్చేది మాత్రం అధ్యాపకులు సభ్యులుగా ఉండే సంఘాలు. కొనుగోలు సంఘంలో, గ్రంథాలయ సంఘంలో, నాణ్యతాహామీ విభాగంలో భాషాధ్యాపకులు కూడా కూర్చుంటారు. అక్కడ మూడు ప్రశ్నలు అడగడానికి ప్రోగ్రామింగ్ తెలియనక్కరలేదు. మన హోస్ట్‌పై నడుస్తున్న సంస్కరణకు మద్దతు ఎప్పటివరకు ఉంది? నెలకు ఒకసారి నవీకరణకు ఏ సమయాన్ని కేటాయించాం? మన బ్యాకప్‌ను చివరిసారి ఎప్పుడు పునరుద్ధరించి చూశాం? ఈ ప్రశ్నలకు సమాధానాలు సంఘం తీర్మానాలలో నమోదైతే, సేవలను రెండు గంటలు ఆపడానికి అనుమతి కోసం సాంకేతికనిపుణుడు ఒంటరిగా పోరాడవలసిన అవసరం ఉండదు.

పరిశోధకుల వైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉంది. క్షేత్రపర్యటనలో రికార్డు చేసిన కథాగానం, దానిని పాడిన కళాకారుడు గతించిన తరువాత మళ్లీ దొరకదు. దాని ఏకైకప్రతిని సంస్థ సర్వర్‌కే అప్పగించి నిశ్చింతగా ఉండడం తగదు. పూర్వం ఒక కావ్యం నిలిచినది అనేక లేఖకుల చేతులలో అనేక ప్రతులుగా వ్యాపించినందువల్ల. ఒక ఊరిలో తాటాకులు చెదలు పట్టినా మరొక ఊరిలో ప్రతి మిగిలింది. మాధ్యమం మారినా ఆ సూత్రం మారలేదు.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. హైపర్‌వైజర్‌కు వనరులన్నింటిపై నియంత్రణ ఉన్నందువల్ల దానిలోని లోపం దానిపై నడిచే వ్యవస్థలన్నింటి లోపంగా పరిణమిస్తుంది.

2. సీవీఈ-2021-21974కు మూలం, స్థలాన్ని ఒక కొలతతో కేటాయించి మరొక కొలతతో వాడడం. వాడుకరి పొరపాటు దీనికి అవసరం లేదు.

3. తీవ్రతాంకాన్ని సంస్థ నెట్‌వర్క్ అమరికతో కలిపి చదవాలి. ఇంటర్నెట్‌కు తెరచి ఉంచిన పోర్టు, అంకం వెనుక ఉన్న సామీప్యనియమాన్ని రద్దు చేస్తుంది.

4. అవసరం లేని సేవను తొలగించడం సవరణకు సమానమైన ప్రాధాన్యం గల చర్య. స్నాప్‌షాట్ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు.

5. సవరణ వెలువడిన తరువాత లోపం కొనసాగడం సంస్థాగతసమస్య. నవీకరణకు సమయాన్ని, నిధులను, బాధ్యులను కేటాయించడం పాలనాపరమైన నిర్ణయం. ఆ నిర్ణయంలో అధ్యాపకులకు భాగం ఉంది.

ఈ ఉదంతం ముగిసిపోయినది కాదు. 2025 మార్చి 4న బ్రాడ్‌కామ్ సంస్థ ఈఎస్ఎక్స్ఐకి సంబంధించిన మరో మూడు లోపాలకు సవరణలను విడుదల చేసింది. అప్పటికే వాటిని వాడుకొని దాడులు జరుగుతున్నట్లు సమాచారం ఉందని కూడా తెలిపింది. ఆ మూడింటికీ సవరణ వెలువడిన రోజు నుంచి ప్రతి సంస్థకూ కొత్త లెక్క మొదలైంది. ఈసారి ఆ లెక్క 710కి చేరకుండా చూడడం మన చేతిలోనే ఉంది.